గుద్దినవాడికి దండ

ఒక పెద్ద అడవిలో, అంటే ట్రాఫిక్ జామ్ అయ్యేంత పెద్ద అడవిలో, జంతువులన్నిటికీ బళ్లుండేవి. నాలుగేసి కాళ్లున్నవాళ్లకి బళ్లెందుకని అడక్కండి. మనకీ రెండు కాళ్లున్నాయి. వీధి చివర కిళ్లీ కొట్టుకి ఎలా వెళ్తున్నామో ఎవరి మనసుకి వాళ్లకి తెలుసు.

బళ్లు వచ్చాయి కాబట్టి రోడ్డు వచ్చింది, రోడ్డు వచ్చింది కాబట్టి కూడలి వచ్చింది. కూడలి మధ్య ఓ బండరాయి ఎక్కి ట్రాఫిక్ కొంగ నిలబడేది. కొంగ కాలెత్తితే బళ్లు ఆగాలి, కాలు దించితే కదలాలి. ఒంటికాలి మీద నిలబడటం కొంగలకి పుట్టుకతో వచ్చిన అలవాటు కదా, అందుకని బళ్లు ఎక్కువసేపు ఆగే ఉండేవి. పైగా కొంగ కళ్లు మూసుకుని ఉండేది. డ్యూటీలో ఈ నిద్రేమిటని ఎవరైనా అడిగితే ధ్యానం అని చెప్పేది.

ఆ రోడ్డు మీద పిల్లల బండి నడిపేవాడు కూర్మయ్య. తాబేలు. కుందేలు పిల్లల్నీ, ఉడత పిల్లల్నీ, కౌజు పిల్లల్నీ పొద్దున్నే ఎక్కించుకుని వాగు అవతల బడిలో దించేవాడు. సాయంత్రం మళ్లీ ఎవరిళ్ల దగ్గర వాళ్లని దించేవాడు. పిల్లలు బడికి ఎప్పుడూ ఆలస్యంగానే వెళ్లేవాళ్లు, కానీ ఎంతమంది వెళ్లారో అంతమందీ తిరిగొచ్చేవాళ్లు. కూడలి దగ్గరకి రాగానే కూర్మయ్య బండి ఆపి, మెడ బయటికి చాపి, కుడివైపూ ఎడమవైపూ చూసి అప్పుడు కదిలేవాడు. కొంగ కాలు ఎక్కడున్నా సరే, అతని పద్ధతి అదే. ఆ బండి తప్ప అతనికీ, భార్య నూకాలుకీ వేరే ఆధారం లేదు.

అదే రోడ్డు మీద కోరరాజు కూడా బండి నడిపేవాడు. నడిపేవాడు అనడం మర్యాద కోసం. కోరరాజు అడవిపంది, కలప కాంట్రాక్టరు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో కడుపునిండా మెక్కి బండెక్కేవాడు. అప్పుడు బండి ఎటు పోతోందో ఆయనకీ తెలిసేది కాదు. పోయినేడు నెమలి తోక మీంచి పోనిచ్చాడు. ఆ తర్వాత ముళ్లపంది బండిని వాగులోకి తోసేశాడు. రెండుసార్లూ జరిమానా కట్టమంటే, "కట్టినట్టు అనుకోండి" అన్నాడు. అనుకున్నారు.

ఈసారి మాత్రం పట్టపగలు, కొంగ కాలెత్తి ఉండగా, కూడలి దాటుతున్న జింకమ్మని గుద్దేశాడు. ఆమె ముందరి కాలు విరిగింది. పరుగే ప్రాణమైన జాతికి కాలు విరిగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. కోరరాజు బండి దిగి, ముందు తన బండికి గీతలేమైనా పడ్డాయేమో చూసుకున్నాడు. తర్వాత జింకమ్మ వైపు తిరిగి, "కళ్లు కనిపించట్లేదా?" అని కసిరాడు.

అడవి గొడవెక్కింది. అటవీ సమితి సమావేశం పెట్టారు.

సమితి అధ్యక్షుడు భల్లూకరావు, ఎలుగుబంటి. తేనెకుండ పక్కన పెట్టుకోకుండా ఆయన ఏ సమస్యనీ పరిశీలించడు. ఆయన కుడిపక్కన చల్లనినీడ బీమా కంపెనీ మేనేజరు గరుడాచలం కూర్చున్నాడు. పేరుకి గరుడాచలం గానీ మనిషి రాబందు. మనిషి అనేశాను, క్షమించాలి. బీమా లేని బండి రోడ్డెక్కకూడదని అడవి చట్టం. దెబ్బ తిన్నవాళ్లకి వైద్యానికి కంపెనీ ఇస్తుందని ఆ చట్టం తెచ్చారు. ప్రమాదాల గురించి రాబందుకన్నా అనుభవం ఇంకెవరికుంటుందని, ఆ వ్యాపారం ఆయనకే అప్పజెప్పారు.

"కోరరాజుగారికి ఇక మేం బీమా ఇవ్వలేమండి. ఇది మూడోసారి. మాకు గిట్టదు," అన్నాడు గరుడాచలం.

"బీమా లేకపోతే బండి నడపకూడదు కదా?" అన్నాడు భల్లూకరావు.

"కూడదండి."

"మరి కోరరాజుగారు బండి నడపకపోతే ఎలాగయ్యా?"

సభ అంతా ఆలోచనలో పడింది. ఆ సభామందిరం కోరరాజు తోలిన కలపతోనే కట్టారు. అధ్యక్షుడి కొత్త గుహకి తలుపులు కూడా ఆ కలపవే.

వెనక వరసలోంచి కూర్మయ్య లేచాడు. తాబేలు లేచినా కూర్చున్నా ఒకే ఎత్తు కాబట్టి ఎవరూ గమనించలేదు. అతనే గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, ఆయన్ని బండి నడపొద్దంటే సరిపోద్ది కదండీ."

సభలో నవ్వులు. భల్లూకరావు కూడా నవ్వి, మూతికంటిన తేనె తుడుచుకున్నాడు.

"కూర్మయ్యా, నీకు పరిపాలన తెలీదు. బండి ఆయన జీవనాధారం. ఒకరి జీవనాధారం మీద కొట్టడం మన సంస్కృతి కాదు."

"మరి జింకమ్మకి కాళ్లే కదండీ..."

"కూర్చో."

కూర్మయ్య కూర్చున్నాడు. అది కూడా ఎవరూ గమనించలేదు.

గరుడాచలం రెక్కలు దులుపుకుని లేచాడు. "మావైపు నుంచి ఒక మార్గం ఉందండి. భారీ ప్రమాద చోదకుల ప్రత్యేక బీమా అని కొత్తది పెడదాం. మామూలు బీమాకన్నా కిస్తీ బాగా ఎక్కువ ఉంటుంది."

"అంత కడతాడా?" అని ఎవరో అడిగారు.

"కలప రేటు పెంచుకుంటారు. అంటే మీరంతా కడతారు," అన్నాడు గరుడాచలం, ఎంతో వినయంగా.

అయితే అలాంటి బండి వస్తోందంటే రోడ్డు మీది వాళ్లు జాగ్రత్తపడాలి కదా, దానికో గుర్తుండాలి అన్నారు. బండి వెనక పుర్రె బొమ్మ గీద్దామని ముంగిస చెప్పింది. కోరరాజు కుటుంబం బాధపడుతుందని వద్దన్నారు. బొగ్గు పూద్దామని ముళ్లపంది చెప్పింది. దానికి పాత కక్ష ఉందని కూర్చోబెట్టారు. అవమానం కాకూడదు, అందంగా ఉండాలి, దూరానికి కనపడాలి అని భల్లూకరావు చాలాసేపు ఆలోచించాడు. చివరికి బండి ముందు ఎర్రటి మోదుగపూల దండ వేయాలని తేల్చాడు.

దాంతో పాటు ఒక తీర్మానం కూడా చేశారు. దండ ఉన్న బండి వస్తుంటే దండ లేనివాళ్లు పక్కకి తప్పుకోవాలి. తప్పుకోకపోతే, జరిగిన నష్టానికి తప్పు దండ లేనివాళ్లదే. అందరూ చప్పట్లు కొట్టారు. జింకమ్మ కొట్టలేదు, ఆమె రాలేకపోయింది.

ఇక్కడే మన అడవివాళ్ల తెలివి బయటపడింది. దండ అన్నాక వేసేవాడుండాలి. వేసేవాడున్నాక వేదిక ఉండాలి. వేదిక ఉన్నాక డప్పులుండాలి. మంచి రోజు చూసి, కూడలిలోనే సభ పెట్టి, భల్లూకరావు తన చేతుల మీదుగా కోరరాజు బండికి దండ వేశాడు. కొంగ సెల్యూట్ కొట్టింది. చిన్నపిల్లలు చెట్లెక్కి చూశారు. మన దగ్గర దండ పడ్డవాణ్ణి చూసి వీడేం నేరం చేశాడో అని ఎవరనుకుంటారు? ఏం గెలిచాడో అనుకుంటారు.

మొదట్లో కోరరాజు కిస్తీ ఎక్కువని గొణిగాడు. దండతో రోడ్డెక్కాక గొణగడం మానేశాడు. ఎర్రగా కనపడగానే ఎదుటి బళ్లు పొదల్లోకి దూరిపోయేవి. కూడలికి రాగానే కొంగ ధ్యానం చాలించి గబుక్కున కాలు దించేది. చెరువు దగ్గర నీళ్ల వరస చీలిపోయి దారిచ్చేది.

"బావగారూ, ఈ దండ ఎక్కడ దొరుకుతుందండీ?" అని చెరువుగట్టున తోడేలు అడిగాడు.

"దొరకదు. సంపాదించుకోవాలి," అన్నాడు కోరరాజు.

ఆ మాట అడవంతా పాకింది. తోడేలు మర్నాడే వెళ్లి ఒక చీమల పుట్టని గుద్దాడు. గరుడాచలం ఒప్పుకోలేదు. పుట్టని గుద్దడం తీవ్రమైన ఉల్లంఘన కిందికి రాదు, ఎదురుగా ప్రాణి ఉండాలి అన్నాడు. తోడేలు ప్రాణి కోసం బయల్దేరాడు. కొండముచ్చు మాస్టారు, పాపం పుస్తకాల మనిషి, ఎవర్నీ గుద్దే ధైర్యం లేక బజారంతా బండిని వెనక్కి నడిపి దండ తెచ్చుకున్నాడు. ఆ రోజు ఇంట్లో పాయసం వండుకున్నారు. పెళ్లిచూపుల్లో, "అబ్బాయికి దండ ఉందాండీ?" అని అడగడం మొదలైంది. లేదంటే, "ఈ వయసొచ్చినా ఎవర్నీ గుద్దలేదా?" అని జాలిపడేవాళ్లు.

ఉల్లంఘన జరిగిందని కొంగ ధ్రువీకరించాలి. ఇచ్చిన చేప చిన్నదైతే స్వల్ప ఉల్లంఘన అనేది. పెద్దదైతే తీవ్ర ఉల్లంఘన అనేది. కొంతమంది రోడ్డెక్కకుండానే, ఒక్క వాలుగ చేపతో, పెద్ద పెద్ద ప్రమాదాలు చేసేశారు. నా లెక్కలో వీళ్లే కాస్త మంచివాళ్లు.

జింకమ్మ తరఫువాళ్లు పరిహారం అడగడానికి కంపెనీకి వెళ్లారు. ఆమె దండ లేని జంతువు కాబట్టి ఆమే తప్పుకోవాల్సింది అని గరుడాచలం చెప్పాడు. ఆ తీర్మానం ఆమెని గుద్దిన తర్వాత వచ్చింది కదా అన్నారు వాళ్లు. తీర్మానం మంచిది కాబట్టి వెనకటికి కూడా వర్తిస్తుందన్నాడు.

ఇంతలో కూర్మయ్య బీమా గడువు దగ్గరపడింది. ఎప్పటిలాగే వారం ముందే కంపెనీకి బయల్దేరి, సరిగ్గా ఆ రోజుకి చేరుకున్నాడు.

"మామూలు బీమా ఎత్తేశామండీ. గిరాకీ లేదు. ఇప్పుడున్నదల్లా ప్రత్యేక బీమానే," అన్నాడు గరుడాచలం.

"అదే ఇప్పించండి బాబూ. కిస్తీ ఎక్కువైనా ఏదోలా కట్టుకుంటాను."

"మీ పాత కేసులేంటి?"

"లేవండి."

"చిన్నదైనా?"

"లేదండి."

గరుడాచలం బోడిమెడ వంచి అతన్ని జాలిగా చూశాడు. "అర్హత లేకుండా ఎలా ఇస్తామండీ? రేపు ఎవరైనా అడిగితే నేనేం చెప్పాలి? వెళ్లి ఏదో ఒకటి చేసుకు రండి. మీలాంటి పెద్దలు ముందుకి రావాలి."

కూర్మయ్య ఇంటికొచ్చి నూకాలుకి చెప్పాడు. నూకాలు నెత్తి కొట్టుకుంది. "నీ అంతటోడు లేడని ఊరేగావు కదా మావా ఇన్నాళ్లూ. ఇప్పుడు చూడు, మంచితనం మెడకి చుట్టుకుంది. పెద్ద చేప ఒకటి పట్టి కొంగకిచ్చెయ్యరాదూ?"

"అబద్ధం చెప్పమంటావేటే?"

"అయితే నిజంగానే చెయ్యి."

నిజంగానే చేద్దామని, పిల్లలెవరూ లేని సెలవురోజు చూసి వెళ్లాడు. కొంగ కాలెత్తి ఉండగా, కళ్లు గట్టిగా మూసుకుని, ఆగకుండా కూడలిలోకి బండి పోనిచ్చాడు. అతను మధ్యకి చేరేసరికి కొంగ కాలు దించింది. అవతలికి చేరేసరికి మళ్లీ ఎత్తి, మళ్లీ దించింది. ఎక్కడ తప్పు పట్టాలో కొంగకి అర్థం కాక వదిలేసింది. ఇలా కాదని దారిలో పడుకున్న నక్కని గుద్దబోయాడు. తగిలే లోపల నక్క లేచి ఒళ్లు విరుచుకుని, "ఏం బాబాయ్, ఇటొచ్చారు?" అని పలకరించింది. "ఏం లేదమ్మా, ఊరికే," అన్నాడు. ఆఖరికి కోరరాజు మార్గం పట్టి ఇప్పపువ్వు తిన్నాడు. తిని బండెక్కి, అక్కడే నిద్రపోయాడు. బండి మాత్రం గీత దాటకుండా, రోడ్డుకి ఎడమపక్కనే ఉంది.

"నావల్ల కాదే నూకాలూ," అన్నాడు ఇంటికొచ్చి. ముసలివాడు ఏడ్చాడు కూడా. ఎవర్నీ గుద్దడం చేతకాక ఏడ్చినవాణ్ణి ఆ అడవి అంతకుముందు చూసి ఉండదు.

బండి ఆపేశాడు. పిల్లలు బడికి నడిచి వెళ్లడం మొదలుపెట్టారు. రోడ్డు నిండా దండల బళ్లు. దండ లేని పిల్లలు తప్పుకుంటూ, తప్పుకుంటూ, పొదల్లోకి దూకుతూ వెళ్లేవాళ్లు. ఒకరోజు కుందేలు పిల్ల చక్రం కింద పడబోయి చెవి చివర కోసుకుపోయి ఇంటికొచ్చింది. కుందేలమ్మ దాన్ని ఎత్తుకుని కూర్మయ్య గుమ్మంలోకొచ్చి నిలబడింది. పిల్లని చూపించింది, అంతే.

మర్నాడు పొద్దున్నే కూర్మయ్య బండి తీశాడు.

"బీమా లేదు మావా, పట్టుకుంటారు," అంది నూకాలు.

"పట్టుకోనియ్యే. పట్టుకున్నోడు గుద్దడు కదా," అని పిల్లల్ని ఎక్కించుకున్నాడు.

ఆ రోజే రోడ్డు భద్రతా వారోత్సవాల ప్రారంభోత్సవం. కూడలిలో పందిరి వేశారు. దండలున్న ప్రముఖులందరినీ పిలిచారు. అంటే అడవంతటినీ పిలిచారు. తూర్పు నుంచి కోరరాజు వస్తున్నాడు. పడమర నుంచి తోడేలు వస్తున్నాడు. ఉత్తరాన కొండముచ్చు మాస్టారు, అలవాటు కొద్దీ బండిని వెనక్కి నడుపుతూ వస్తున్నాడు. వాళ్ల వెనక బారులు తీరి మిగతావాళ్లు. ఎదుటివాడు తప్పుకుంటాడని ఎవరికి వాళ్లు ధీమాగా ఉన్నారు. మూడు వైపులా దండలు చూసి కొంగ మూడు వైపులకీ కాలు దించేసింది. సెల్యూట్ కూడా కొట్టింది.

దక్షిణం వైపు నుంచి కూర్మయ్య వచ్చాడు. కూడలి ముందు బండి ఆపాడు. మెడ చాపి కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. చూసి, "పిల్లలూ, కళ్లు మూసుకోండమ్మా," అన్నాడు.

ఆ చప్పుడికి వాగు అవతల బడిలో సున్నం రాలిందట. బండి మీద బండి ఎక్కింది. పందిరి కూలి భల్లూకరావు మీద పడింది. ఆయన తేనెకుండ పగిలి, ఆయన వంటి మీదే కారింది. కోరరాజు కోర విరిగింది. తోడేలు కాలు విరిగింది. కొంగకి దెబ్బలేం తగల్లేదు గానీ నిలబడటానికి రాయి మిగల్లేదు. దండలన్నీ తెగి, కూడలంతా మోదుగపూలు పరిచినట్టయింది. కూర్మయ్య బండిలో పిల్లలకి ఒక్కరికి కూడా గోరంత దెబ్బ తగల్లేదు. కౌజు పిల్ల ఒకటి భయానికి ఎక్కిళ్లు పెట్టింది.

కట్లు కట్టించుకుని అందరూ కంపెనీ మీద పడ్డారు. ఇన్నాళ్లూ కట్టిన కిస్తీలకి ఇప్పుడు పరిహారం ఇమ్మన్నారు. సమితి విచారణ పెట్టింది. గరుడాచలం ఏమాత్రం తొణక్కుండా లేచాడు.

"ఇవ్వడానికి మాకేం అభ్యంతరం లేదండి. తప్పెవరిదో తేలితే వాళ్ల దగ్గర వసూలు చేసి ఇచ్చేస్తాం. మీ తీర్మానం ప్రకారం దండ ఉన్నవాడికి తప్పు ఉండదు. దండ లేనివాడు తప్పుకోకపోవడం వల్లే నష్టం జరుగుతుంది. ఆ రోజు కూడలి దగ్గర దండ లేని బండి ఏదైనా ఉందా?"

అందరూ వెనక వరస వైపు తిరిగి చూశారు. కూర్మయ్యని మొదటిసారి అందరూ గమనించారు.

"నేను ఆగానండీ. ఇవతలే ఆగిపోయాను. ఎవర్నీ ముట్టుకోలేదండీ," అన్నాడు కూర్మయ్య.

"అదే అంటున్నా," అన్నాడు గరుడాచలం. "తప్పుకోమంటే ఆగాడు. ఆగడం తప్పుకోవడం కాదు. ఈయన ముందుకొచ్చి మర్యాదగా ఓ పొదలోకి తప్పుకుని ఉంటే, ఆ తప్పుకోవడం చూసి మిగతావాళ్లు జాగ్రత్తపడేవాళ్లు."

"నిజమే, వీడు ఆగడం చూసి నేను కంగారుపడ్డాను," అన్నాడు కోరరాజు, విరిగిన కోర పట్టుకుని.

"పైగా బీమా లేదు," అంది కొంగ.

"పైగా చిన్నపిల్లలతో!" అన్నాడు భల్లూకరావు. ఆయన గొంతు పూడుకుపోయింది. తేనె వల్ల అనుకుంటాను.

అడవి చరిత్రలోనే అతి పెద్ద ప్రమాదానికి కూర్మయ్య కారకుడని సమితి ఏకగ్రీవంగా తేల్చింది. ఇది రాస్తుంటే నాకు ఒళ్లు మండిపోతోంది, అయినా రాయక తప్పదు. బండి తీసుకెళ్లి సమితి పెరట్లో కట్టేశారు. పరిహారం కింద అతను ఇవ్వాల్సింది అతని మనవల మనవలు కూడా తీర్చలేరు. తాబేళ్లు మూడొందలేళ్లు బతుకుతారు కాబట్టి కంపెనీకి తొందరేం లేదని గరుడాచలం ఉదారంగా ప్రకటించాడు. కంపెనీ ఎవరికీ ఏమీ ఇవ్వలేదు.

సాయంత్రం గరుడాచలం స్వయంగా కూర్మయ్య ఇంటికొచ్చాడు. చేతిలో దండ. అంత పెద్ద దండ కోరరాజుకి కూడా వెయ్యలేదు.

"అభినందనలండీ. మీకు అర్హత వచ్చింది. ఒక్కరోజులో ఇన్ని బళ్లని, అదీ ముట్టుకోకుండా! మా కంపెనీలో మీ అంత ప్రమాదకారి ఇంకొకరు లేరు. ఇది వేసుకుంటే రేపే బండి తీసుకోవచ్చు."

"ఆ పాడు దండ నా గుమ్మంలోకి తేవద్దు," అంది నూకాలు. "నా మావ ఏ పాపం ఎరగడు."

కుందేలు పిల్ల కోసుకుపోయిన చెవి కూర్మయ్య కళ్లముందు కదిలింది. చెయ్యని తప్పుకి తల వంచడం కన్నా కష్టమైన పని అతను జీవితంలో చేయలేదు. మెడ చాపి దండ అందుకున్నాడు.

మర్నాడు పిల్లల బండి రోడ్డెక్కింది. అల్లంత దూరంలో ఆ దండ చూడగానే బళ్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కోరరాజు అయితే బండితో సహా ముళ్లపొదలోకి దూరి, "బాబోయ్, వాడే! ఆ రోజు ఆగినవాడు!" అని వణికిపోయాడు. తల్లులు పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. కొంగ కాలు ఎత్తాలో దించాలో తెలీక ఎగిరిపోయింది. ఆ రోజు నుంచి అడవిలో ఒక్క ప్రమాదం కూడా జరగలేదు. ఆ ఘనత తమ ప్రత్యేక బీమాదేనని చల్లనినీడ కంపెనీ చెప్పుకుంది.

కూడలి దగ్గర కూర్మయ్య ఎప్పటిలాగే బండి ఆపాడు. వెనక నుంచి ఉడత పిల్ల లేచి అతని వీపు మీదకెక్కింది.

"తాతా, ఈ దండ తప్పు చేసినవాళ్లకే వేస్తారంట కదా. నువ్వేం చేశావు?"

కూర్మయ్య కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు.

"ఆగానమ్మా," అన్నాడు.

నీతి: ఎవర్నీ గుద్దకుండా బండి నడిపేవాడు ఎదురైతే వెంటనే పక్కకి తప్పుకోండి, వాడు ఎక్కడ ఆగిపోతాడో చెప్పలేం.